అమీనుకు పొద్దుగూకేది

అప్పు పుట్టడం ఇంత తేలికైపోయిన కాలాన్ని చూస్తానని నేను కలలో కూడా అనుకోలేదు. కూర్చున్న చోటి నుంచి లేవక్కర్లేదు, ఎదుటి మనిషి మొహం చూడక్కర్లేదు, ఫోను మీద నాలుగుసార్లు వేలు ఆడిస్తే డబ్బు ఖాతాలో పడుతుంది. ఇచ్చినవాడెవడో తెలియదు, వడ్డీ ఎంతో చూడరు, కింద సన్నక్షరాల్లో ఏముందో పైవాడికే తెలియాలి. "అవన్నీ ఎవరు చదువుతారు తాతయ్యా!" అంటాడు మా మనవడు. చదవకుండా సంతకాలు పెట్టినవాళ్ల గోడు వినడంతోనే నా ఉద్యోగమంతా గడిచిందిరా అంటే నవ్వుతాడు.

నేను తెనాలిలో ప్లీడరు గుమాస్తాగా చేసినవాణ్ణి. మా ప్లీడరుగారిది అచ్చంగా సివిలు. ప్రోనోటు దావాలు, తనఖా దావాలు, డిక్రీ వచ్చాక దాని అమలుకు వేసే ఈపీలు, అప్పుడప్పుడూ ఓ ఐపీ, అంటే దివాలా పిటిషను. అప్పిచ్చినాయన ఈ బెంచీ మీద, తెచ్చుకున్నాయన ఆ బెంచీ మీద కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కేసు పిలుపు కోసం చెవులు రిక్కించుకునే లోకం నాది. కాబట్టి ఈ విషయంలో సణిగే హక్కు నాకు కొంచెం ఎక్కువే ఉంది.

మా రోజుల్లో అప్పంటే పెద్ద తతంగం. షావుకారి అరుగు మీద చాప పరవాలి. రాయసం తెలిసినవాణ్ణి పిలవాలి. రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం చేయాలి. చట్టం ప్రకారం ప్రోనోటుకు సాక్షులు అక్కర్లేదు. అయినా ఇద్దరు లేకుండా ఏ షావుకారూ పైకం లెక్కపెట్టేవాడు కాదు. ఆ ఇద్దరూ ఊళ్లోవాళ్లే. రేపు అప్పు ఎగ్గొడితే కోర్టు సంగతి తర్వాత, ముందు ఆ ఇద్దరికీ ఎదురుపడలేక చావాలి. పుచ్చుకునేవాడికి అక్కడే సగం భయం పుట్టేది. ఇచ్చేవాడు కూడా నలుగురి ఎదుట నూటికి నెలకు ఐదు రూపాయలని చెప్పడానికి కాస్త సిగ్గుపడేవాడు.

ఆ కాగితానికి ఆయుష్షు మూడేళ్లు. కాలపరిమితి చట్టం మాట అది. మూడేళ్లలోపు దావా వేయకపోతే కాలదోషం పట్టేస్తుంది. అందుకే గడువు దగ్గరపడేసరికి షావుకారు బాకీదారు ఇంటికి వచ్చి, "పదో పాతికో ఇచ్చి వెనక చెల్లు వేయవయ్యా" అని బతిమాలేవాడు. నోటు వెనక ఫలానా తేదీన ఇంత ముట్టిందని రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. చూశారా, ఇచ్చినవాడు తెచ్చుకున్నవాడి గుమ్మం ఎక్కి నిలబడే రోజు ఒకటి చట్టమే కల్పించింది. అయితే కాలదోషం పట్టినంత మాత్రాన బాకీ చచ్చిపోదు. కోర్టు తలుపే మూసుకుంటుంది. ఆ తర్వాత కూడా బాకీదారు కట్టుకుంటానని రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ మాట చెల్లుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. ఇప్పటివాళ్లు 'మూడేళ్లు దాటింది, గట్టెక్కాం' అని మిఠాయిలు పంచుకుంటున్నారు. గట్టెక్కింది దావా నుంచి, ధర్మం నుంచి కాదు.

ఇక డిక్రీ వచ్చిందనుకోండి. అప్పుడు రంగంలోకి అమీను దిగేవాడు. కోర్టు వారెంటు చంకన పెట్టుకుని, సైకిలు మీద, వెంట డిక్రీదారు మనిషిని తీసుకుని వచ్చేవాడు. ఆయన్ను చూస్తే ఊరంతా గుసగుసలు. కానీ ఆయన చేతిలో ఉన్న అధికారం ఎంతో, ఆ అధికారానికి ఉన్న కంచె ఎంతో ఇవాళ్టివాళ్లకు తెలియదు. పొద్దుగూకాక, పొద్దుపొడవక ముందు ఇంట్లో అడుగు పెట్టకూడదు. బాకీదారు తానుండే ఇంట్లోకి రానివ్వకుండా అడ్డుకుంటే తప్ప వీధి తలుపు పగలగొట్టకూడదు. ఘోషాలో ఉండే ఆడవాళ్ల గది అయితే, వాళ్లు తప్పుకోవడానికి వ్యవధి ఇవ్వాలి. ఇదంతా 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో రాసిపెట్టిన సంగతి, ఆ అమీను మంచితనం కాదు.

లోపలికి వచ్చాక ఏం పట్టుకోవచ్చో, ఏం ముట్టుకోకూడదో 60వ సెక్షనులో జాబితా ఉంది. మా ప్లీడరుగారు దాన్ని వంటింట్లో పోపుల పెట్టెలా చేతికందేలా పెట్టుకునేవారు. ఒంటి మీది బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు ముట్టుకోకూడదు. మతాచారం ప్రకారం ఆడమనిషి తీయకూడని నగ జోలికి పోకూడదు. మన దగ్గర అది మంగళసూత్రం. వడ్రంగి ఉలి, కమ్మరి సుత్తి వదిలేయాలి. రైతయితే నాగలి, బతకడానికి అవసరమని కోర్టు తలిచిన పశువులు, విత్తనాలు వదిలేయాలి. రైతు, కూలీ కాపురముండే ఇల్లు వదిలేయాలి. అప్పిచ్చినవాడికి బాకీ రావాల్సిందే, కానీ మళ్లీ సంపాదించి కట్టడానికి పనికొచ్చే చేతులు విరిచి కాదు అన్నది ఆ జాబితా సారం. ఈ ముక్క ఎంత గట్టిదంటే, 'నాకు ఆ మినహాయింపు వద్దు' అని బాకీదారే రాసిచ్చినా చెల్లదని 1976లో అదే సెక్షనుకు చేర్చారు. అవసరంలో ఉన్నవాడు దేని మీదైనా సంతకం పెడతాడని చట్టానికి తెలుసు.

మనిషిని పట్టుకుపోవడం సంగతి కూడా అంతే. డబ్బు డిక్రీ కోసం ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. మగవాడినైనా, అతని దగ్గర డబ్బుండీ ఇవ్వడం లేదని, లేదా ఆస్తి దాచాడని, పారిపోయేలా ఉన్నాడని రుజువు చేయాలి. 1936లో ఈ షరతు పెట్టారు. 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇంకా విడమరిచి చెప్పారు. చేతకాక కట్టలేనివాణ్ణి, ఉండీ ఎగవేసేవాణ్ణి ఒకే గాటన కట్టకూడదు. పేదరికం నేరం కాదు. ఇప్పటి లెక్కలో 2,000 రూపాయల లోపు డిక్రీకి జైలే లేదు. 5,000 దాటితే ఎక్కువలో ఎక్కువ మూడు నెలలు. ఇంకో తమాషా ఏమిటంటే, సివిల్ జైల్లో బాకీదారు తిండికి బత్తా అప్పులాయనే కట్టాలి. కట్టడం మానేస్తే వదిలేస్తారు. జైలు నుంచి వచ్చినా బాకీ తీరదు, కానీ అదే డిక్రీకి మళ్లీ పట్టుకోకూడదు. బాకీదారుకు భోజనం పెట్టి మరీ కోపం తీర్చుకోవాలంటే ఎంతమంది షావుకార్లకు మనసొప్పుతుంది? చాలామంది బత్తా లెక్క వినగానే రాజీకి దిగేవారు.

పొలం అమ్మాలంటే అదో సుదీర్ఘ ప్రబంధం. జప్తు చేసినట్టు ఊళ్లో టముకు వేయించాలి. వేలం ప్రకటనలో ఆస్తి విలువ చూపాలి. కోర్టు అనుమతి లేకుండా డిక్రీదారు తానే పాడుకోకూడదు. బాకీ తీరడానికి ఎంత చాలో అంతే అమ్మాలి. మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఓ కేసులో, చిన్న డిక్రీకి పొలమంతా వేలమేసిన అమ్మకాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. చాలినంత ముక్క అమ్మడం కోర్టు దయాదాక్షిణ్యం కాదు, బాధ్యత అని 1989లో చెప్పింది. వేలం అయిపోయాక కూడా, బాకీ సొమ్ము, పాడుకున్నవాడికి నూటికి ఐదు కలిపి అరవై రోజుల్లో కోర్టులో కడితే పొలం తిరిగొస్తుంది. ఆఖరి నిమిషంలో మేనమామను అడిగో బావమరిదిని అడిగో తెచ్చి కట్టినవాళ్లను చూశాను.

ఇదంతా విని నన్ను బాకీదారుల పక్షం అనుకోకండి. అప్పిచ్చినవాడి ఏడుపు కూడా నేను విన్నదే. మన దేశంలో దావా వేసినవాడి కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని ప్రీవీ కౌన్సిల్ 1872లోనే అంది. నా కళ్లతో చూసింది అదే. డిక్రీ అమలుకు పన్నెండేళ్ల గడువుంది కదా అని పన్నెండేళ్లూ తిప్పేవారు. నోటులో నూటికి నెలకు రెండని ఉన్నా, డిక్రీ తేదీ నుంచి మామూలు బాకీకి కోర్టు ఇచ్చే వడ్డీ ఏడాదికి ఆరు శాతం దాటదు. అలాంటప్పుడు వాయిదాలు లాగినవాడిదే లాభం. ఈపీలను ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. సంతోషమే. ఆ మాట వినడానికి మా కక్షిదార్లలో సగం మంది బతికి లేరు.

దావా పడుతుందని వాసన రాగానే పొలం పెళ్లాం పేర, ఇల్లు బామ్మరిది పేర రాసేవాళ్లు కొందరు. దానికీ విరుగుడుంది. అప్పులవాళ్లను ముంచాలని చేసిన బదలాయింపును 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 53వ సెక్షను కింద రద్దు చేయించవచ్చు. తీర్పుకు ముందే జప్తు అడగవచ్చు. ఇంకా ముదుర్లు ఐపీ పెట్టేవారు. 'వాడు ఐపీ పెట్టాడు' అంటే మా వైపు పిల్లలకు కూడా అర్థమవుతుంది. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ప్రకారం బాకీలు 500 రూపాయలుంటే దివాలా దరఖాస్తు పెట్టుకోవచ్చు. వందేళ్లు దాటినా ఆ 500 అలాగే ఉంది. 2016లో కొత్త దివాలా స్మృతి తెచ్చారుగానీ, మామూలు మనిషి బాకీల భాగాన్ని అమలులోకి తేలేదు. కంపెనీల బాకీలకు హామీ ఉన్నవాళ్లకు మాత్రం తెచ్చారు. మనలాంటివాళ్లకు ఇంకా తెల్లదొరల కాలం నాటి చట్టమే గతి. అయితే ఐపీ పెట్టినవాడు అనుకున్నట్టు అది గంగాస్నానమేమీ కాదు. దివాలాకు ముందు రెండేళ్లలో ఊరికే ధారాదత్తం చేసిన ఆస్తిని రిసీవరు వెనక్కి లాగవచ్చు. దరఖాస్తుకు ముందు మూడు నెలల్లో, మిగతావాళ్లను ముంచి ఒక్కడికే మేలు చేయాలని కట్టిన బాకీని కూడా కదపవచ్చు. అప్పులవాళ్లందరూ సమానమే, బావమరిదికి ముందు వరస లేదు.

తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్నది ఇంకో పెద్ద కథ. మా రోజుల్లో ఉమ్మడి ఆస్తిలో కొడుకు వాటా మీదికి కూడా తండ్రి బాకీ వచ్చేది. జూదానికో, తాగుడుకో చేసిన బాకీ అయితే రాదు. దాన్ని అవ్యావహారిక ఋణం అనేవాళ్లు, ఆ మాట మీద రోజుల తరబడి సాక్ష్యాలు నడిచేవి. 2005 హిందూ వారసత్వ సవరణతో, ఆ ఏడాది సెప్టెంబరు 9 తర్వాత చేసిన బాకీలకు పుత్రధర్మం పేరుతో కొడుకు మీద దావా వేసే దారి మూసేశారు. తండ్రి వదిలిన ఆస్తి మీద మాత్రం బాకీ ఎక్కడికీ పోదు. న్యాయమే అంటాను. కానీ తండ్రి దినం నాడే "మాకేం సంబంధం" అంటూ చట్టం చదివి వినిపించే కొడుకుల్ని చూస్తే నోరు ఊరుకోదు.

మా రోజులన్నీ బంగారమని నేననను. చక్రవడ్డీలతో పొలాలు మింగిన షావుకార్లున్నారు. అప్పుకు తాకట్టుగా మనిషినే పాలేరుగా పెట్టుకున్నవాళ్లున్నారు. ఆ వెట్టిని చట్టం రద్దు చేసింది 1976లో. అంతకు ముందు, 1938లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన రైతు ఋణ ఉపశమన చట్టాన్ని మా ప్లీడరుగారు 'నాలుగో చట్టం' అని భక్తిగా చెప్పేవారు. 1932 అక్టోబరుకు ముందు రైతు చేసిన బాకీ మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ అంతా దాంతో కొట్టుకుపోయింది. అసలుకు రెండింతలు అప్పటికే కట్టి ఉంటే బాకీయే తీరినట్టు. 1977లో మన రాష్ట్రంలో చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, ఊళ్లలో చేతివృత్తులవాళ్ల ప్రైవేటు బాకీలు రద్దు చేస్తూ ఇంకో చట్టం వచ్చింది. అలా ఊపిరి పీల్చుకున్న ఇళ్లు నాకు తెలుసు. మరుసటి పంటకు అప్పు పుట్టక అల్లాడిన ఇళ్లూ తెలుసు. షావుకార్లు కూడా తెలివి మీరారు. ప్రోనోటు మానేసి పొలం అమ్మకం అగ్రిమెంటు రాయించుకోవడం మొదలుపెట్టారు.

అప్పటి తెలివి అగ్రిమెంటుతో ఆగింది. ఇప్పటి తెలివి చెక్కుకు ఎక్కింది. చెక్కు చెల్లకపోతే నేరమని 1988లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138వ సెక్షను చేర్చారు. వ్యాపారంలో చెక్కుకు విలువ ఉండాలని చేశారు, మంచిదే. కానీ జరుగుతున్నదేమిటి? చేబదులిచ్చేవాడు కూడా సంతకం చేసిన ఖాళీ చెక్కులు ముందే పుచ్చుకుంటున్నాడు. ఖాళీ చెక్కు మీదైనా సంతకం తనదైతే, బాకీ ఉందనే కోర్టు ముందుగా భావిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని చూపించుకునే భారం సంతకం చేసినవాడిది. శిక్ష రెండేళ్ల దాకా. అమీను రావాలి, ఉండీ ఎగ్గొడుతున్నాడని రుజువు కావాలి, బత్తా కట్టాలి అని సివిల్ కోర్టు పెట్టిన కంచెలన్నీ అలాగే ఉన్నాయి. అప్పులాయన మాత్రం పక్క సందులోంచి మెజిస్ట్రేటు కోర్టుకు వెళ్లి, అదే బాకీదారును బోనులో నిలబెడుతున్నాడు. సివిల్ బాకీకి క్రిమినల్ చొక్కా తొడిగారు. మరి కృష్ణయ్యర్ గారు చెప్పిందేమైంది?

బ్యాంకులకు కోర్టుతో పనే లేకుండా పోయింది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు ఇచ్చి, తనఖా పెట్టిన ఇంటిని తామే స్వాధీనం చేసుకోవచ్చు. సాగుభూమిని, లక్ష లోపు బాకీలను మినహాయించారు, అంతవరకు నయం. బాకీదారు సవాలు చేయాలంటే ముందు డెబ్బై ఐదు శాతం కట్టాలన్న షరతును 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, అదీ నయం. ఇక యాప్‌ల వాళ్లు. ఫోనులోని బంధువుల నంబర్లన్నిటికీ ఫోన్లు, ఫోటోలు మార్చి పంపడాలు, అర్ధరాత్రి తిట్లు. వసూలుకు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోను చేయొద్దని రిజర్వు బ్యాంకు 2022లో బ్యాంకులకు, ఫైనాన్సు కంపెనీలకు గుర్తు చేయాల్సి వచ్చింది. పొద్దుగూకాక గుమ్మం ఎక్కొద్దని అమీనుకు 1908లోనే చెప్పాం నాయనా. ఈ నూటపధ్నాలుగేళ్లలో మనం నేర్చుకున్నది ఇదీ!

నాకు అన్నిటికంటే మంట పుట్టించేది ఆటో డెబిట్. జీతం జప్తు చేయాలంటే కోర్టుకు లెక్కుంది. మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 22,000 జీతగాడి దగ్గర నెలకు 7,000 మించి కోర్టు తీయలేదు. అదీ మొత్తం 24 నెలలు తీశాక ఆ డిక్రీకి ఇక ఆపేయాలి. ఇప్పుడు కుర్రాడు నాలుగు అప్పులకు నాలుగు వాయిదాలు రాసిచ్చాడు. ఐదో తారీకు తెల్లవారేసరికి జీతం మొత్తం ఖాళీ. చాలకపోతే తిరిగొచ్చినందుకు జరిమానా, ఆపైన అది కూడా చెక్కులాగే నేరమవుతుంది. జప్తు కాదు కాబట్టి 60వ సెక్షను అక్కడికి రాదు. న్యాయమూర్తి చేయలేని పని మీటతో అయిపోతోంది. మినహాయింపు వదులుకుంటానని రాసిచ్చినా చెల్లదన్న చట్టం, మీట నొక్కి వదులుకుంటే ఊరుకుంటోంది.

నాగలి, ఎద్దులు, ఉలి, సుత్తి అని 1908లో జాబితా రాసినవాళ్లు ఆ నాటి బతుకు తెరువు చూసి రాశారు. ఇవాళ ఆటోవాడి నాగలి ఆటో. ఇళ్లకు భోజనాలు మోసే కుర్రాడి ఎద్దులు ఒక బండి, ఒక ఫోను. ఒక్క వాయిదా తప్పితే ఫైనాన్సువాళ్ల మనుషులు నడిరోడ్డు మీద తాళం గుంజుకుంటున్నారు. కండబలంతో గుంజుకోవద్దని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పినా గుంజుకుంటున్నారు. బండి పోయినవాడు బాకీ ఎలా కడతాడని అడిగే అమీను లేడు, ప్లీడరు లేడు. సంతకం పెట్టేముందు చదవండి, తీసుకున్నది కట్టండి, అది మీ పని. ఆ జాబితాలో కొత్త పద్దులు చేర్చి, ఆటో డెబిట్‌కు కూడా మూడింట రెండు వంతుల లెక్క పెట్టడం చట్టాలు చేసేవాళ్ల పని. నా సణుగుడు ఆపాలంటే ముందు వాళ్ల పని వాళ్లను చేయమనండి.